శాపమని దాచుకున్న రోజులు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరున మీకందరికీ వందనాలు. నా పేరు రూతమ్మ, మాది గురజాల దగ్గర పల్లెటూరు. దేవుడు నాకు మేలు చేశాడు, కానీ నా కోపం ఇంకా పోలేదు, అది దాచిపెట్టి సాక్ష్యం చెబితే అబద్ధం చెప్పినట్టవుద్ది.

పెళ్లయి ఏళ్లు గడిచినా నా కడుపు పండలేదు. మా ప్రార్థన గుడిలో ఎవరైనా పసిబిడ్డను దేవునికి ప్రతిష్ఠ చేయించడానికి తెస్తే మా అత్త నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేది, ఆ బిడ్డ మీద నా కన్ను పడుద్దని. మా ఆయనకు ఎడ్లపాడు వైపు ఇంకో పిల్లను చూశారన్న సంగతి మిరప కోతల్లో పక్క సాలు వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను, ఇంట్లో ఒక్కరూ నాతో అనలేదు.

నాకు ప్రతి నెలా ముట్టు అయిపోయిన కొన్ని రోజులకు పచ్చి గుడ్డు తెల్లసొన మాదిరి జారుడుగా, తీగలా సాగే తడి కనిపించేది, పొత్తికడుపులో ఒక పక్క సన్నగా నొప్పి వచ్చేది. కొత్తలో అత్తకు చెబితే తెల్లబట్ట అంది, ఒంట్లో వేడి అంది, అది ఆగిందాకా మొగుడికి దూరంగా పడుకోమంది. అట్నే చేశాను, ప్రతి నెలా ఆ రోజులొస్తే నా చాప వేరే. తర్వాత ఊళ్లు తిరిగే బోధకుడొకాయన వచ్చి అది నా గర్భానికి పట్టిన శాపమన్నాడు, ఆ రోజుల్లో ఉపవాసముండి తను ప్రార్థన చేసిచ్చిన నూనె రాసుకోమన్నాడు, అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను.

ఒక మిట్టమధ్యాహ్నం మిరప చేలోనే మోకాళ్లూని దేవుడితో పోట్లాడాను. "తండ్రీ, ఈ ఒళ్లు నువ్వు చేసిందే గదా. దీంట్లో ఏముందో ఊరంతా చెబుతోంది, నువ్వొక్కడివే చెప్పట్లేదు. శాపమైతే నువ్వే చెప్పు, కాకపోతే నిజం చెప్పేవాళ్ల దగ్గరికి నన్ను తీసుకుపో." ఏడవలేదు, పళ్లు బిగబట్టి అడిగాను, లేచేసరికి నాలో భయం లేదు, నేరుగా మా ఆయన దగ్గరికి పోయాను.

"ఇంకోదాన్ని తెచ్చుకునేముందు ఒక్కసారి నాతో డాక్టరు దగ్గరికి రావయ్యా, ఇద్దరం చూపించుకుందాం."

ఆయన తల వంచుకున్నాడు గానీ కాదనలేదు. అది దేవుడు చేసిన పని, నా నోటి బలం కాదు.

నర్సరావుపేటలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించి ఎవరిలోనూ లోపం లేదంది. అప్పుడు సిగ్గు చంపుకుని ఆ తడి సంగతి, వేరే చాప సంగతి చెప్పాను.

"అది జబ్బు కాదమ్మా, అండం విడుదలయ్యే ముందు అట్లాగే ఉంటది," అంది ఆమె. "బిడ్డ నిలిచేది ఆ రోజుల్లోనే."

విరిగిన పాలలా ఉన్నా, దురదో చెడు వాసనో ఉన్నా జబ్బనీ, అప్పుడు వచ్చి చూపించుకోవాలనీ కూడా చెప్పింది.

సహోదరులారా, అది విని నాకు సంతోషం రాలేదు, ఒళ్లు మండిపోయింది! బిడ్డనివ్వడానికి దేవుడు పెట్టిన రోజుల్నే ఏరి ఏరి మేము శాపమని వదిలేశాం, ఆ పాపం మోసింది మాత్రం నేను.

ఆ తర్వాత ఆ గుర్తులు చూసుకుంటూ ఒక చాప మీదే ఉన్నాం, కొన్ని నెలలకు కడుపు నిలిచింది, ఆడపిల్ల పుట్టింది, దేవునికే మహిమ! ప్రతిష్ఠ రోజున ఆ బోధకుడు వచ్చి తన నూనె పనిచేసిందన్నాడు. నేను బిడ్డనెత్తుకుని లేచాను.

"అయ్యగారూ, మీరు శాపమన్నది దేవుడు పెట్టిన గుర్తు. ఇంకో ఆడదానికి ఆ మాట చెప్పమాకండి."

ఆయన భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక అత్త తిడుద్దనుకున్నాను. ఆమె బిడ్డ కాళ్లు నిమురుతూ, "ఏమే రూతూ, మా అత్త నాకు చెప్పిందే నీకు చెప్పా. నాకు మాత్రం ఎవరు చెప్పారే?" అంది. ఆమె మీద కోపం అక్కడ ఆగింది, ఆమె నోటికి ఆ మాట అందించిన సిగ్గు మీద ఆగలేదు.

చెల్లెళ్లారా, ఇది తెలిసిన ప్రతివాళ్లకీ బిడ్డ పుడుద్దని నేను చెప్పను, వేరే కారణాలుంటాయి, ఆలుమగలిద్దరూ చూపించుకోండి. దేవుణ్ణి నమ్మండి, ఆయన్ని కోపంతో అడిగినా వింటాడు. నేనీ మాటలంటుంటే కొందరన్నలు తల దించుకున్నారు. ఈ ఒళ్లు చేసిన దేవుడు సిగ్గుపడలేదు, అన్నలారా, తలెత్తి వినండి.