తల ఉన్న వేర్లే కొంటాం

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో మాది మూలికల కొట్టు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు, ఇంకా కొండల మీంచి దిగే వేర్లు. వాటిలో పేరున్నది పాతాళగంధి. రక్తపోటుకి మంచి మందని వైద్యులు మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారు. నాన్న నిప్పులాంటి మనిషి. కల్తీ అంటే ఒళ్ళు మంట. ఆ వేరులో ఇంకో మొక్క వేరు కలిపి అమ్మేవాళ్ళు బజారు నిండా ఉన్నారని ఆయన ఒక నియమం పెట్టారు. తలతో వచ్చిన వేర్లే కొంటాం. తల అంటే వేరు పైన కాండం మొదలయ్యే చోటు. దానికి రెండు ఆకులు వేలాడుతుంటే ఏ మొక్కదో ఇట్టే తెలిసిపోతుంది.

తలలు చూసే పని నాది. బడి నుంచి రాగానే గోనెపట్టా మీద కూర్చుని ఒక్కో వేరూ తిప్పి చూసేదాన్ని. తల లేనిది పక్కకి గిరాటేసేదాన్ని. పదేళ్ళ పిల్లకి అంత అధికారం దొరికితే ఊరుకుంటుందా? మందు ఉండేది వేరులోనే కాబట్టి, చూడటం అయ్యాక తలలు విరిచి నీళ్ళు కాచే పొయ్యిలో వేసేవాళ్ళం. ఆ నీళ్ళే పోసుకుని నేను బడికి వెళ్ళేదాన్ని.

మారేడుమిల్లి అవతల కొండల నుంచి ఒక కొండరెడ్డి పెద్దావిడ బస్సులో మూట తెచ్చేది. అప్పుడప్పుడు ఆవిడ కూతురూ తోడొచ్చేది. ఓసారి వేర్లలో సగానికి తలల్లేవు. తోసేశాను.

"తల కోసి మళ్ళీ గోతిలోనే పెట్టి మట్టి కప్పుతామమ్మా. వానలకి లేత్తాది. మా పెద్దోళ్ళ నుంచీ అంతే," అందావిడ.

నేను నాన్న వైపు చూశాను. "నీ మాట నేను నమ్ముతానమ్మా. కొనేవాళ్ళు నమ్మాలి కదా," అన్నారాయన. మర్యాదగానే అన్నారు. తర్వాత వచ్చిన మూటలో అన్నిటికీ తలలున్నాయి. "చూశారా నాన్నా, గట్టిగా చెబితే వింటారు," అన్నాను గొప్పగా. అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూటలు చిన్నవయ్యాయి. వేర్లు పెన్సిలంత సన్నబడ్డాయి. నేను కాలేజీలో చేరేసరికి ఆవిడ రావడం మానేసింది. నాన్న మాత్రం చివరిదాకా, మా కొట్లో కల్తీ లేదనే చెప్పుకున్నారు. నిజమే. కల్తీ లేదు, సరుకూ లేదు.

ఆయన పోయాక కొట్టు నేనే చూస్తున్నాను. కూరల బజారులో ముల్లంగి తీసుకున్నా నా చెయ్యి ముందు తల దగ్గరికే పోతుంది. ఇంట్లో నీళ్ళు కాగే చప్పుడు వింటే పొయ్యిలో వేసిన తలలే గుర్తొస్తాయి. అప్పుడు గీజర్ కట్టేసి చన్నీళ్ళే పోసుకుంటాను. ఇంట్లో వాళ్ళు చాదస్తం అనుకుంటారు.

పోయిన ఏడాది, అంతరించిపోయే మొక్కల్ని పెంచే ఒక నర్సరీ వాళ్ళు వచ్చి, పాతాళగంధి ఎక్కడైనా మిగిలుంటే నాలుగు గింజలు తెచ్చిపెట్టమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా మారేడుమిల్లి అవతల ఆ ఊరికి వెళ్ళాను. పెద్దావిడ ఎప్పుడో పోయింది. కూతురు గుమ్మంలోంచి నన్ను చూసి, "తలలు చూసే పాపగారు కదండీ," అంది. నవ్వలేదు.

వచ్చిన పని చెబితే నన్ను కొండెక్కించింది. "ఇక్కడుండేయండి. ఇక్కడా ఉండేయి," అని చూపిస్తూ నడిచింది. చూపించిన చోటల్లా రాలిన ఆకులే. వాగు దగ్గర దారి రెండుగా చీలింది. నీడ ఎక్కువగా ఉన్న వైపు నేను అడుగెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అటేపు మొక్కల్లేవండి."

"గింజల కోసమేనమ్మా. తవ్వను. ఒట్టు," అన్నాను.

"మీ నాన్నగారూ మంచోరేనండి," అంది. వెనక్కి తిరిగి, "పదండి, బస్సెళ్ళిపోద్ది," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ వెనకే దిగాను.

ఆ కొండ మీద ఏమీ లేదని నర్సరీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. అటు లేవని ఆవిడ నాతో అబద్ధమే చెప్పి ఉండాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.