నిండు చెంబు

బరంపురం ధర్మాసుపత్రిలో పెద్ద నర్సు కూర్మమ్మ నవ్వగా చూసినవాళ్ళు లేరు. చూశామన్నవాళ్ళ మాట నమ్మక్కర్లేదు. ఆవిడ చెప్పుల చప్పుడు వరండాలో వినపడగానే మూలుగుతున్న రోగులు కూడా మూలుగు మింగేసేవారు. ఆయాలు చాటుగా ఆవిడకు పెట్టిన పేరు పోలీసమ్మ. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త సంతోషించింది కూడా.

పని మాత్రం వంక పెట్టేలా ఉండేది కాదు. నెలల తరబడి మంచం పట్టిన మనిషికైనా ఆవిడ చేతి కింద వీపు పుండు పడేది కాదు. దుప్పటి మీద మడత ఉంటే ఆయా చెవి మెలిపడేది.

ఆవిడ పుట్టింది సోనేపూరు వైపు, బాహుదా ఏటి పక్క పల్లెలో. కాపురానికి వెళ్ళకముందే మొగుడు పోయాడు. జీతం లేని పనిమనిషి దొరికిందని చుట్టాలు సంబరపడుతుంటే తల్లి నీలమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది. ఊరందరి చేతా తిట్లు తిని కూతుర్ని విశాఖపట్నం నర్సు చదువుకు పంపింది. "ఆడపిల్లని ఆస్పత్రికి అమ్ముకున్నావు గదే" అని మొహం మీదే అన్నవాళ్ళకు ఆవిడ జవాబు ఒక్కటే.

"కొడుకు కొరివెడతాడు. కూతురు ఆకర్న గొంతులో నీల్లు పోస్తాది. ఇంకేటి గావాల నాకు?"

విశాఖలో దొరసాని నేర్పిన పాఠాల్లో కూర్మమ్మకు బాగా ఒంటపట్టింది ఒకటుంది. డాక్టరు చీటీ మీద రాసి సంతకం పెట్టిందే ఆజ్ఞ, నోటిమాట గాలిమాట. చేసింది రాయి, చెయ్యనిది రాయకు. మంచి పాఠమే, ప్రాణాలు నిలబెట్టే పాఠమే. కానీ ఉప్పు మంచిదని గిన్నెడు తినం కదా. కూర్మమ్మ తింది. గంజాం జిల్లాను మద్రాసు నుంచి తెంపి కొత్త ఒరిస్సాలో కలిపాక మరీ ఎక్కువ తింది. డాక్టర్లు కటకం నుంచి రావడం మొదలైంది. మద్రాసు సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లుతుందా, తెలుగు నర్సుల్ని ఉంచుతారా తీసేస్తారా అని రోజుకో పుకారు. ఎవరూ వేలెత్తి చూపలేని పని చేస్తేనే తనకు కూడు అని ఆవిడ తేల్చుకుంది.

చిన్న నర్సు అమ్మణ్ణి ఒకసారి డాక్టరు నోటితో చెప్పిన మందు మోతాదును తనే చీటీ మీద రాసేసింది. రాసింది సరిగ్గానే రాసింది, రోగికీ ఏమీ కాలేదు. కూర్మమ్మ ఆ చీటీకి దారం కట్టి, అమ్మణ్ణి మెడలో వేసి, వార్డు మధ్యలో నిలబెట్టింది. రోగుల్ని చూడటానికి వచ్చిన చుట్టాలు ఆ పిల్లను కూడా చూసి వెళ్ళారు.

"సంతకం లేని మాట మాట కాదు. తెలిసిందా?" అంది కూర్మమ్మ. అమ్మణ్ణికి బాగానే తెలిసింది.

ఆ ఎండాకాలంలో తమ్ముడు తవిటయ్య తల్లిని బండిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. నీలమ్మకు పేగు మెలిపడి కడుపు డోలులా ఉబ్బిపోయింది. కటకం డాక్టరు కడుపు కోశాడు, చూశాడు, కుట్టేశాడు. బయటకు వచ్చి "చూద్దాం" అన్నాడు. మంచం కాళ్ళ వైపు వేలాడే చీటీ మీద, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆయన వార్డు చుట్టి వెళ్ళేవేళకు కూర్మమ్మ కాన్పు గదిలో ఉంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఎవరో జమీందారుకు సుస్తీ అని కబురొచ్చి ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. కూర్మమ్మ మొదట చీటీ చూసింది, ఆ తర్వాత తల్లి మొహం చూసింది. చీటీలో మార్పేమీ లేదు.

"కూర్మీ, నీల్లు."

"ఇప్పుడు కాదమ్మా. కడుపు కోసి కుట్టేరు. నోట్లోకి ఏటీ ఎల్లకూడదు."

తడి దూదితో తల్లి పెదాలు అద్దింది. నీలమ్మ ఆ దూదిని పళ్ళతో పట్టుకుని పీల్చబోయింది. కూర్మమ్మ లాగేసింది.

తవిటయ్య ఆసుపత్రి నూతిలో నీళ్ళు తోడి, ఇంటి నుంచి తెచ్చిన తులసాకు వేసి, ఇత్తడి చెంబు నిండా పట్టుకొచ్చాడు. పోయేవేళ బిడ్డ చేతి నీళ్ళు గొంతులో పడకపోతే ఆ దాహం పైలోకం దాకా వెంట వస్తుందని వాళ్ళ వైపు నమ్మకం. నీళ్ళు పొయ్యని బిడ్డ ఇంక బిడ్డే కాదు.

"అప్పా," అన్నాడు అక్కతో. "అమ్మ మొకం సూడు. అది బతికే మొకం కాదు. నీ సేత్తో ఒక్క గుక్క పొయ్యి."

"డాక్టరువి నువ్వా? బయటకెల్లు."

చెంబు లాక్కుని బీరువా మీద పెట్టింది. నీలమ్మ తల ఎటు తిప్పినా కనపడేది ఆ బీరువాయే. కక్షతో చేసిన పని కాదది, వార్డులో ఉన్న బీరువా అదొక్కటే. నీలమ్మ కళ్ళు ఆ చెంబుకు అతుక్కుపోయాయి.

మధ్యాహ్నానికి ఆవిడకు స్మృతి తప్పసాగింది. కూర్మీ అని పిలవడం మానేసి, మిగతా రోగుల్లాగే నర్సమ్మగారూ అనడం మొదలుపెట్టింది.

"నర్సమ్మగారూ, ఈ ఊర్లోనే నాకొక కూతురుంది. దాన్ని పిలండి. అది పోస్తాది నీల్లు."

కూర్మమ్మ గుండె చెరువైంది. నిజంగానే అయింది, ఆవిడేం రాయి కాదు. ఒకసారి బీరువా దాకా నడిచి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే అమ్మణ్ణి వెనక నుంచి వచ్చి నెమ్మదిగా పిలిచింది.

"సిస్టరుగారూ, పొద్దున్న డాక్టరుబాబు మీ అమ్మగారి గురించి ఒక మాట సెప్పేరండి."

"చీటీలో రాసేరా?"

"లేదండి. కారెక్కీ తొందర్లో..."

"సంతకం?"

"లేదండి."

"మరి నాకెందుకు సెప్తన్నావు? మెడకి మళ్ళీ చీటీ కట్టమంటావా?"

అమ్మణ్ణి తల దించుకుని వెళ్ళిపోయింది. కూర్మమ్మ చెంబు ముట్టుకోకుండా వెనక్కి తిరిగింది. కన్నతల్లి కోసం కూడా నియమం తప్పలేదని ఆ దుఃఖంలోనే ఆవిడకు కొంచెం గర్వం కలిగింది.

దీపాలు పెట్టేవేళకు నీలమ్మ అడగడం మానేసింది. నోరు మాత్రం తెరిచే ఉంది. కాసేపటికి కారు వచ్చి ఆగింది. డాక్టరు లోపలికి వచ్చి నాడి చూశాడు. ప్రాణం పోయి ఉంది. నీలమ్మ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టాడు.

"నీళ్ళు బాగా తాగిందా?" అని అడిగాడు.

"లేదండి. ఆజ్ఞ లేదు."

డాక్టరు అమ్మణ్ణి వైపు తిరిగాడు. "పాణి మాగిలే దేబ అని చెప్పి వెళ్ళానే? లోపల పేగంతా నల్లబడిపోయింది. ఇక బతకదు, అడిగినన్ని నీళ్ళు ఇవ్వండి అన్నాను కదా?"

అమ్మణ్ణి కూర్మమ్మ వైపు చూసింది. ఆ పిల్ల పలకాల్సింది మధ్యాహ్నమే పలికింది. కూర్మమ్మ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది.

డాక్టరు చెడ్డవాడేమీ కాదు. అందరిలాగే తన ఒళ్ళు తను కాచుకునే మనిషి. కలం తీసి, చీటీలో పాత ఆజ్ఞ కింద ఉన్న ఖాళీలో, నీళ్ళు ఇవ్వవచ్చు అని రాశాడు. పొద్దునే రాసినట్టు వేళ వేసి సంతకం పెట్టాడు. రోజంతా కూర్మమ్మ ఎదురుచూసిన సంతకం అది.

"మీరు కూడా ఇచ్చినట్టు రాసెయ్యండి. తల్లికి కూతురు నీళ్ళు పోసిందంటే కాదనేదెవరు?" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. ఇచ్చినట్టు రాస్తే ఎవరికీ ఏ తగువూ లేదు. ఇవ్వలేదని రాస్తే, డాక్టరు సంతకం పెట్టిన ఆజ్ఞను కాదని నీళ్ళు నిలిపిన నర్సుగా కటకం దాకా పేరు పోతుంది. కూడు పోతుంది. కూర్మమ్మ కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి రాసింది: రోగి నీళ్ళు అడిగింది. ఇవ్వలేదు. కింద పేరు రాసి సంతకం పెట్టింది.

దీన్ని నిజాయితీ అనేవాళ్ళు అనుకోవచ్చు. నీలమ్మ గొంతు మాత్రం దానితో తడవలేదు.

శవాన్ని బండిలో పడుకోబెట్టాక తవిటయ్య చెంబు కోసం లోపలికి వచ్చాడు. కూర్మమ్మ బీరువా మీంచి దించి ఇచ్చింది. అంచు దాకా నీళ్ళు, పైన వాడిన తులసాకు. తవిటయ్య అందులోకి చూశాడు. చెంబు తిరిగి ఆవిడ చేతుల్లోనే పెట్టాడు.

"నీ కాడే ఉంచుకో అప్పా. నీకు పిల్లల్లేరు. ఆకర్రోజున ఎవలైనా జాలిపడి పోస్తారేమో, సెంబైనా ఉండాల గదా."

బండి కదిలింది. ఆవిడను ఎవరూ రమ్మనలేదు. కూర్మమ్మ ఆ చెంబును తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని, బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.