మగ్గం గుంతలో గోల్ఫు

మా ఇంటాయన పరువును నా చేతులతో నేనే గుంతలోకి దింపిన కథ ఇది. గుంత అని ఊరికే అనడం లేదు, నిజం గుంతే. మా మగ్గం గుంత. ఇది చదువుతూ మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. ఆయన ఒక్క మాట అనలేదు కాబట్టి ఆ లోటు ఎవరో ఒకరు తీర్చాలి.

అప్పట్లో ధర్మవరంలో పట్టునూలు దొరకడం గగనమైంది. సావుకారు నూలివ్వడం మానేశాడు. మగ్గం విప్పి మూలన పెట్టాం. నేతగాడు అంచున కూర్చుని కాళ్ళు పెట్టుకునే గుంత మాత్రం ఇంటి నడుమ నోరు తెరుచుకుని మిగిలింది. నిలబడితే మొల లోతు. కూలికి పోదామన్నా వానల్లేక ఎవరి చేలోనూ పని లేదు. అలాంటప్పుడు బెంగుళూరులో ఒక గోల్ఫు మైదానంలో తోటపని చేసే మా తమ్ముడు ఓబులేసు ఒక కర్రా, ఒకే ఒక తెల్ల బంతీ పట్టుకుని దిగాడు.

"బావా, మా క్లబ్బులో ఒక పని ఖాళీ ఉండాది. కొత్తగా నేర్చుకునేటోళ్ళకు బంతి కొట్టి చూపించాల. వచ్చే నెల మా పెద్దాయన ముందర మూడు దెబ్బలు కొట్టు. ఆయప్పకు నచ్చితే నెల నెలా జీతం."

"నేను మగ్గం మీద నూలు పోగు నడిపే నాడె తప్ప ఇంకేమీ ఆడించినోణ్ని కాదు కదప్పా," అన్నాడు మా ఆయన.

"ఆయన్ను నాకొదిలిపెట్టు, నేను నేర్పిస్తా," అన్నాను నేను. గోల్ఫును నేను కలలో కూడా చూడలేదు. బడి మొహం చూసిందీ అంతంత మాత్రమే. కానీ ధైర్యం మాత్రం కొత్త కోడలి సారెలాగా బుట్టలకొద్దీ ఉండేది.

బయట కొడితే ఉన్న ఒక్క బంతీ ముళ్ళకంపల పాలవుతుంది, వీధంతా నవ్వుతుంది. అందుకని ఇంట్లోనే గోడకు అడ్డంగా గొంగడి వేలాడదీశాను. ఆయన మొదటిసారి కర్ర ఎత్తగానే అది మిద్దె దూలానికి తగిలింది. పైనుంచి మట్టి రాలి సంగటి కుండలో పడింది.

"ఏమ్మే, నేర్పించేది ఆటా, ఇల్లు కూల్చేదా?"

"నువ్వు పొడుగెక్కువయ్యా. ఆ గుంతలోకి దిగు."

"గుంతలోకా?"

"పుట్టినప్పట్నుంచీ నీ కాళ్ళు ఆడనే కదా ఉండేది. దిగు!"

దిగాడు. బంతిని గుంత అంచున పెట్టాను, సరిగ్గా ఆయన నడుమెత్తులో. కర్రను అడ్డంగా తిప్పాడు. బంతి ఫట్‌మని పోయి గొంగడి నడిమధ్య తగిలింది. దూలం క్షేమం, సంగటి క్షేమం. నా తెలివికి నేనే దిష్టి తీసుకున్నాను.

ఇక నా పాఠం చూడాలి మీరు! పొద్దున్నే ఒళ్ళు వేడెక్కడానికి, మగ్గం ఉన్నట్టే ఆయన చేత గుంతలో కాళ్ళు తొక్కించేదాన్ని. తర్వాత చిన్న దెబ్బలు. చెయ్యి కుదిరాక పెద్ద దెబ్బలు. గొంగడి మీద సున్నపు బొట్టు పెట్టాను. దాన్ని చూసి, బంతిని యాడికి పంపుతాడో ముందే నోటితో చెప్పాలి. చెప్పకుండా కొడితే చెల్లదు. అలసిపోతే అంబలి. చివరికి పరీక్ష. ఆయన తలగుడ్డ నేను చుట్టుకుని, మంచం మీద కాలు మీద కాలేసుకుని పెద్దాయన వేషం కట్టేదాన్ని.

అక్కడ ఒక మడుగు ఉంటుందనీ, బంతి దాన్ని దాటాలనీ ఓబులేసు చెప్పిపోయాడు. గొంగడి ముందు ఒక బాన పెట్టాను.

"దీంట్లో నీళ్ళేవే?"

"తాగేదానికే లేవు. ఉండాయనుకో."

"ఖాళీ బానను చూసి మడుగనుకోవాల్నా?"

"మన చెరువును చూసి చెరువనుకుంటాండామే, అట్లే!"

నెల తిరిగేసరికి మా ఆయన గుంతలో మహావీరుడయ్యాడు. కళ్ళు మూసుకున్నా దెబ్బ బొట్టు మీదే.

బెంగుళూరు పోయాం. ఆ పచ్చగడ్డిని చూసి మా ఆయన చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. మాకంటే ముందే ఆ పని కోసం శానామంది వచ్చి వరసగా నిలబడ్డారు. అందరూ బాగానే కొట్టారు. "మళ్ళీ కబురు చేస్తాం, పోండి" అని అందరినీ పంపేస్తున్నాడు నెరిసిన మీసాల పెద్దాయన. మా వంతు వచ్చింది. గడ్డి మీద బంతి పెట్టి, "కొట్టప్పా," అన్నాడు.

బంతి పాదాల దగ్గర ఉంది. మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏమ్మే, బంతి కింద ఉండాదే!" అన్నాడు గుసగుసగా.

"భయపడొద్దు. నేర్చుకున్నట్టే కొట్టు."

ఆ మాట అన్న నా నోటిని ఏం చేసినా పాపం లేదు. నేర్చుకున్నట్టే కొట్టాడు. కర్ర నడుమెత్తులో గాలిని రెండు చీలికలు చేసింది. బంతి తనకేమీ పట్టనట్టు కూర్చుంది. రెండో దెబ్బకు కర్రతో పాటు తానూ గిర్రున తిరిగి చతికిలబడ్డాడు.

లేచి చేతులు జోడించాడు. "అయ్యా, ఏమీ అనుకోవద్దు. ఈడ ఒక గుంత తవ్వుకోనా? దిగి కొడతా."

"గుంతా? ఎందుకప్పా?" నవ్వు ఆపుకోలేక పెద్దాయన మీసాలు వణుకుతున్నాయి.

"నాకు గుంతలోనే అలవాటు."

ఓబులేసు నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఏమక్కా, బావకు గుంతలో నిలబెట్టి నేర్పించినావా?"

"బంతి నేల మీద ఉంటాదని నువ్వు చెప్పినావా?"

"నేల మీద కాకపోతే నెత్తి మీద ఉంటాదా!"

మిగిలింది ఒక్క దెబ్బ. మా ఆయన వంగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి అక్కడే ఉంది. జొన్నరొట్టెంత గడ్డిపెళ్ళ లేచిపోయి పెద్దాయన బూటు మీద పడింది. నాకు మళ్ళీ ఆ ఇల్లు, ఆ ఆరిన పొయ్యి కళ్ళ ముందు కనబడ్డాయి.

మా ఆయన మాత్రం కర్ర పారేసి, "అయ్యో, పచ్చగడ్డి!" అంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెళ్ళను పసిబిడ్డలా రెండు చేతులతో ఎత్తి, లేచిన చోటే పెట్టి, మగ్గం మీద తెగిన పోగులు అతికించినట్టు వేళ్ళతో సర్ది, అరచేత్తో అదిమాడు. దారిలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు దాని మీద పోశాడు. మేం పచ్చదనం చూసి ఎన్నాళ్ళయిందో మరి.

పెద్దాయన వంగి చూశాడు. "యాడ తెగిందో కనపడలేదే! ఈడ దొరలు రోజూ పెళ్ళలు లేపి పోతాంటారు, అతికించే దిక్కు లేదు. కొట్టేది నీకొద్దు గానీ, రేపట్నుంచి వచ్చి వీటి పని చూడప్పా. జీతమిస్తాం."

గేటు దాటగానే నా మెడ నిటారుగా లేచింది. "చూసినావా! నా పాఠం వల్లనే కదా నీకు పని దొరికింది?"

"నీ వల్లనే," అన్నాడు ఆయన చల్లగా. "నువ్వు రవ్వంత బాగా నేర్పించింటే, ఆ వరసలో నేనూ ఒకణ్నయ్యి ఈపాటికి ధర్మవరం బస్సులో ఉండేవాణ్ని."

అక్కడికక్కడే సూర్యుడి మీద ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎవరికి ఏది నేర్పినా, బంతి ఎక్కడ ఉంటుందో ముందు అడిగి తెలుసుకుంటాను. ఇక మొగుణ్ని గుంతలోకి దింపడమంటారా, ఈ జన్మలో ఆ పని చెయ్యను, ఆయన తనంతట తాను దిగితే తప్ప.