సగం దగ్గర ఆగిన ముల్లు

ప్రియులారా, ఈ ఉదయం ఆటోనగర్‌లో మెకానిక్కు నా కారు ట్యాంకులోంచి, పెట్రోలు ఎంతుందో ముల్లుకి చెప్పే ఫ్లోటు బయటికి లాగాడు.

"చూశారా బ్రదర్‌గారూ, చువ్వ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ట్యాంకు ఎండిపోయినా ముల్లు సగమే చూపిచ్చుద్ది."

ఆ పెట్రోలు వాసనకి నేను మళ్ళీ తొమ్మిదేళ్ళవాణ్ణయిపోయాను.

మీ ఇళ్ళలో పాత కారుంటే మీకూ గుర్తుండాలి, పెట్రోలు కొలిచే వెదురుపుల్ల. మా కారు ముల్లు కూడా సగం దగ్గరే చచ్చింది. నాన్న రోజూ గాట్లు పెట్టిన పుల్లని ట్యాంకులో ముంచి, తడి ఏ గాటు దాకా ఉందో నాచేత చెప్పించేవాడు.

మా సంఘంలోని ఏసోబు బాబాయి ఆ కారు కొనడానికి కంకిపాడు నుంచి వస్తున్నాడని తెలిసిన పొద్దున, నాన్న ఆ పుల్లని విరిచి పొయ్యిలో పెట్టేశాడు.

"ముల్లు సరిగ్గా చూపిస్తందా అన్నయ్యా?"

"దేవుడి దయవల్ల ఏ లోటూ లేదురా."

నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యి నా భుజాన్ని గట్టిగా నొక్కింది. బాబాయి డబ్బిచ్చి కారు తీసుకెళ్ళాడు.

ఆ ఆదివారం ఆరాధనలో నాన్న ప్రసంగపీఠం ఎక్కి దొంగ త్రాసులు పట్టేవాళ్ళ మీద నిప్పులు కురిపించాడు. ముందు వరుసలోంచి అందరికంటే గట్టిగా బాబాయే "ఆమేన్" అన్నాడు. నన్నూ అనమని అమ్మ మోచేత్తో పొడిచింది.

నా నోట ఆ మాట రాలేదు.