గెలాక్సీల మధ్య దూరాలు

ఆ వేసవికి నా పరిశోధన పూర్తవుతుందన్న ఆశ పోయింది. పగలంతా కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు, సాయంత్రం ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని అద్దె ఇంట్లో కంప్యూటర్. తుంటి విరిగి మంచాన పడ్డ పిన్నిని చూసుకునేదీ నేనే. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన బాబాయి పోయాక ఆవిడకు నేను, నాకు ఆవిడ.

ఒకరోజు కరెంటు పోయి, నడుస్తున్న లెక్క మధ్యలో ఆగిపోయింది. తల పట్టుకుని కూర్చున్నాను.

"ఇన్నేళ్లుగా ఏటి సేస్తన్నావే ఆ డబ్బా ముందర?" అంది పిన్ని.

విసుక్కోకుండా చెప్పాను. గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాల గుంపు. ఆ గుంపులు విశ్వమంతా సమానంగా చల్లినట్టు ఉండవు. దారాల్లా బారులు తీరి, ఆ దారాలు కలిసేచోట కిక్కిరిసి ఉంటాయి. మధ్యలో దాదాపు ఏమీ లేని పెద్ద ఖాళీలు.

"ఎందుకలాగ?"

"మొదట్లో ఎక్కడ కాస్త ఎక్కువ పదార్థం ఉందో, అది చుట్టూ ఉన్నదాన్ని లాక్కుంది పిన్నీ. బరువు పెరిగేకొద్దీ ఇంకా లాక్కుంది."

"ఉన్నోళ్లకాడికే సేరతాదన్నమాట. అక్కడా అంతేనా," అని కళ్లు మూసుకుంది.

నవ్వే ఓపిక కూడా లేకపోయింది నాకు.

ఎవరో తీసిన కొలతల్లోంచి గెలాక్సీలను జతలుగా తీసుకుని, ఏ దూరంలో ఎన్ని జతలున్నాయో చూడటం నా పని. ఒక దూరం దగ్గర జతలు కాస్త ఎక్కువ. విశ్వం పసిదై, వేడిగా ఉన్నప్పుడు అందులో సాగిన శబ్ద తరంగాల ఆనవాలు అది. ఆ లెక్కను గ్రాఫ్‌గా గీస్తే, గీతలో చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. నా పద్ధతిలో ఆ ఉబ్బు కొంచెం పక్కకు జరుగుతుందేమోనని ఆశపడ్డాను.

వానలు పడ్డాక లెక్క తేలింది. ఉబ్బు జరగలేదు. అందరూ ఎప్పుడో గీసిన గీత మీదే నా గీతా పడింది. కలకత్తాలో ఉండే మా గైడ్ ఫోన్‌లో, "ఠీక్ హై, తప్పు లేదు కదా. రాసి పంపించు" అన్నారు.

వెళ్లి పిన్ని మంచం అంచున కూర్చున్నాను.

"అయిపోనాది పిన్నీ. కొత్తగా ఏటీ రాలేదు. అందరికీ తెలిసిందే నాకూ వచ్చింది."

"నీ అంతట నువ్వు సేసినా అదే వచ్చినాదా?"

"అదే."

"అయితే ఆళ్లు అబద్ధం ఆడలేదు. బియ్యం సేట ఇలా తే, నేనేరతాను. నువ్వు కాసేపు పడుకో."

చాప పరుచుకుని అక్కడే పడుకున్నాను. చేటలో బియ్యం కదిలే చప్పుడు వింటుంటే ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది.

థీసిస్ పంపాను. డిగ్రీ వచ్చింది. మర్నాడు కూడా కాలేజీలో అవే పాఠాలు చెప్పాను.