ఊరు పూడ్చిన విమానం

మా ఊరివాళ్లు విమానాన్ని పూడ్చిపెట్టింది కోళ్లను కాపాడుకోవడానికి. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, నిజాం కాలంలో కట్టంగూరు చుట్టుపక్కల ఊళ్లలో ఒక అధికారి దిగాడంటే ఆయనకూ ఆయన జవాన్లకూ కోళ్లు, గుడ్లు, పాలు, వంటకట్టెలు ఊరే ఇవ్వాలి. పైసా రాలదు. సామాన్లు కూడా మావాళ్లే నెత్తిన మోయాలి. యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం దొర బీడు చెల్కలో విమానం కూలితే, ఊరికి ముందుగా గుర్తొచ్చింది ఆ కోళ్లే. కబురు పైకి పోతే వచ్చినవాళ్లు ఎన్నాళ్లు తిష్ట వేస్తారో తెలియదు. దొర "పూడ్చుండ్రి" అన్నాడు. రెండు రోజులు గుంత తవ్వి, ముక్కలన్నీ అందులోకి తోసి, మన్ను కప్పి పైన ఆముదాలు వేశారు.

అన్నీ తోయలేదు. ఇంటికొక రేకు మిగిలింది. కంచరాయన వాటిని కొట్టి గిన్నెలు చేసిచ్చాడు. అప్పటిదాకా మా వాడలో అన్నీ మట్టికుండలే. మా అమ్మకు ఆ సత్తు గిన్నె అంటే ప్రాణం. ఎంత తోమినా దాని అంచున వరుసగా ఉన్న మేకుల చిల్లులు మాత్రం కనిపించేవి.

విమానంలో ఒక మనిషి చనిపోయి ఉన్నాడు. ఆయనను మా నాయిన విడిగా పూడ్చి, తల దిక్కున ఒక రాయి పాతాడు. ఏటా పెత్రమాసకు మా పెద్దలకు పెట్టాక ఆ రాయి దగ్గర కూడా గుప్పెడు బువ్వ పెట్టి వచ్చేవాడు. "ఆయినకు గీ దేశంల ఎవరున్నరు" అనేవాడు. రోజంతా దొర దగ్గర వెట్టి చేసి వచ్చే మనిషికి ముక్కూమొహం తెలియని చచ్చినవాడి మీద అంత ధ్యాస ఎందుకని నేను ఎగతాళి చేసేదాన్ని.

యుద్ధం అయిపోయింది. నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. అప్పుడు వచ్చారు దాన్ని వెతకడానికి, ఒక తెల్ల అధికారి, ఆయన మాట తిప్పి చెప్పే గుమాస్తా, నలుగురు జవాన్లు. కోళ్లు ఎట్లాగూ పోయాయి. ఇనుప చువ్వలతో చెల్కలన్నీ పొడుచుకుంటూ తిరిగారు. అడిగిన ప్రతివాడూ తెల్వదన్నాడు. మూడోనాడు గుమాస్తా విసుగెత్తి, రేపు ఇండ్లు సోదా చేస్తామని దొర గడిలో చెప్పాడట. ఆ మాట మా ఇంటికి రాలేదు.

తెల్లవారగానే పక్కింటి పెద్దమ్మ నిప్పు కోసం వచ్చింది. చుట్టం కాదు, పిలుపు మాత్రమే. అయినా నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి. మా పొయ్యి ముందు వెలిగేది కాబట్టి రోజూ పిడక మీద రెండు నిప్పులు వేసుకొని పోయేది. పొయ్యి మీద సత్తు గిన్నెలో అంబలి కాగుతోంది. ఆవిడ గిన్నెను చూసింది, నా కడుపును చూసింది. "నెలలు నిండినయా బిడ్డా? పైలం" అంది. నిప్పులు తీసుకొని పోయింది.

కాసేపటికే జవాన్లు వచ్చారు. వాడంతా గాలిస్తే మట్టికుండలే. మా ఇంట్లో మాత్రం అంబలితో సహా గిన్నె దొరికింది. అధికారి దాని అంచున ఉన్న చిల్లులను వేలితో తడిమాడు. నాయిన బుకాయించలేదు. "చూపిస్త రాండ్రి" అని నడిచాడు. నేనూ కడుపు పట్టుకొని వెనకే పోయాను. ముందు రాయి చూపించాడు, ఆ తర్వాతే విమానం. రాయి దగ్గర అధికారి టోపీ తీశాడు. అది చూసి ఇక భయం లేదనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

సర్కారు సొత్తు దొంగిలించి దాచింది ఎవరని గుమాస్తా అడిగాడు. నాయిన దొర వైపు తిరిగాడు.

"దొరా, జర చెప్పుండ్రి. ఊరంత గలిసి జేసిందే గద."

దొర కండువా సర్దుకున్నాడు. "మాకేం ఎరుక? వీడేం జేసిండో వీన్నే అడుగుండ్రి" అన్నాడు.

ఊరంతా అక్కడే ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నాయినతో కలిసి గుంత తవ్వినవాళ్లు తల వంచుకొని నిలబడ్డారు. మా గిన్నెను సంచిలో వేసుకొని, నాయిన చేతులకు తాడు కట్టి నడిపించుకుపోయారు.

నా కూతురు పుట్టింది. నాయిన లేని ఆ రోజుల్లో కూడా పెద్దమ్మ నిప్పుకు వస్తూనే ఉంది, మనవరాలిని ముద్దాడుతూనే ఉంది. ఒక వానకాలం గడిచాక ఆయన దగ్గుతో తిరిగొచ్చాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నాకు అదే ఇప్పటికీ మంట. వాడ మధ్య నిలబడి నాలుగు తిట్లు తిట్టినా నా కడుపు చల్లబడేది. చలికాలం దాటకుండానే పోయాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. పెద్దమ్మ జొన్న గట్క తెచ్చింది. కొంగు కప్పి తెచ్చిన గిన్నెను నా చేతికిచ్చింది. సత్తు గిన్నె. అంచున మేకుల చిల్లులు.

"సోదా చేసిన నాడు ఇది ఏడున్నది పెద్దమ్మా?"

"పెంటకుప్పల" అంది. దాచలేదు. "ముందటి దినమే గడికి పిలిచి అందరికి చెప్పిండ్రు."

"మరి మాకెందుకు చెప్పకపోతివి?"

"ఒక్క ఇంట్లనన్న దొరకాలె బిడ్డా. లేకుంటే ఊరంత తవ్వుతరు. ఏ ఇల్లు అంటే అందరు మీ దిక్కే జూసిండ్రు. మీ నాయిన ఎట్లైన అబద్ధమాడడు, గసొంటోన్ని కాపాడి ఏం లాభం అన్నరు. నేను గూడ అన్న."

నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె ఆవిడ మొహాన విసిరేదాన్నే. అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. నాకు రెండు ముద్దలు పెట్టి, తను రెండు ముద్దలు తిన్నది. గిన్నెను బూడిదతో తోమి, కడిగి, పొయ్యి పక్కన మా పాత గిన్నె ఉండే జాగాలో బోర్లించింది.

పెద్దమ్మ గడప దగ్గర చాలాసేపు నిలబడింది. అమ్మ గిన్నె ఇవ్వలేదు. ఆవిడ అడగలేదు. మా పొయ్యి మళ్లీ వెలిగిన రోజు నుంచి నిప్పుకు వేరే ఇంటికి పోయింది.