వీధి గుమ్మానికి తాడు

నేను నేల మీద టైల్స్ పరిచే మేస్త్రీని. ఇరవై ఆరేళ్ళుగా నా మోకాళ్ళు చూసినన్ని ఇళ్ళు నా కళ్ళు చూడలేదు. చదువు ఆరో తరగతితో సరి. మాస్టారు ఏం చెప్పినా తలూపేవాణ్ణి. పరీక్షలో ఆ తలూపుడికి మార్కులు పడలేదు.

మా మేనకోడలు నాకో వెబ్‌సైట్ తయారుచేసింది. నేను పరిచిన ఒక్కో నేలకు ఒక్కో పేజీ.

"మావయ్యా, ఈ పెద్ద ఫైల్లో రాసింది సైటంతటికీ పనిచేస్తుంది. పేజీ పైన రాసే నాలుగు లైన్లు ఆ పేజీకే. మార్చాక ఈ బటన్ నొక్కు, పేజీలన్నీ అదే కొత్తగా తయారుచేస్తుంది. అర్థమైందా?" అంది.

అలవాటుకొద్దీ తలూపాను.

ఆసుపత్రి కట్టిస్తున్న ఒక ఇంజనీరు, "రేపు మధ్యాహ్నం నీ వెబ్‌సైట్ చూసి చెప్తా" అన్నాడు. ఆ పని వస్తే నలుగురిని పెట్టుకుని, నిలబడి చేయించుకోవచ్చు. రాకపోతే మళ్ళీ మోకాళ్ళే.

మర్నాడు పొద్దున్నే వెబ్‌సైట్ చూసుకుంటే, ముందురోజే టైల్స్ మధ్య జాయింట్లు నింపిన వంటగది పేజీ కూడా కనబడింది. జాయింట్లు ఆరేదాకా మేం గుమ్మానికి తాడు కట్టి ఎవర్నీ అడుగుపెట్టనివ్వం. పచ్చి పని చూపించడం నాకు చిన్నతనం. డ్రాఫ్ట్ అని రాస్తే పేజీ కనబడదని మేనకోడలు చెప్పింది గుర్తొచ్చింది. ఏ పనైనా ఇల్లంతటి మట్టం చూసుకుని మొదలెట్టే చెయ్యి కదా, తిన్నగా పెద్ద ఫైలు తెరిచి అందులో రాశాను. బటన్ నొక్కి హాయిగా టీ తాగాను.

మధ్యాహ్నం ఇంజనీరు ఫోను.

"ఏం మేస్త్రీ, నీ పేరు తప్ప ఒక్క నేలా లేదేంటయ్యా?"

"జాయింట్లు ఆరుతున్నాయి సార్."

"అన్నిటికీనా?"

సైట్ తెరిచి చూస్తే నిజమే. పది నిమిషాలు ఆగమని బతిమాలి మేనకోడలికి ఫోన్ చేశాను. పగలబడి నవ్వింది.

"వంటగదికి కట్టాల్సిన తాడు వీధి గుమ్మానికి కట్టేశావు మావయ్యా! ఆ లైను పెద్ద ఫైల్లోంచి తీసి, వంటగది పేజీ పైన పెట్టు."

"నువ్వే పెట్టమ్మా, నా చేతులకి సిమెంటుంది."

చేతులు శుభ్రంగానే ఉన్నాయి. మళ్ళీ ఏం చెడగొడతానోనని భయమంతే.

"ఊహూఁ, నువ్వే."

పెట్టి బటన్ నొక్కాను. నేలలన్నీ తిరిగొచ్చాయి, వంటగది ఒక్కటి తప్ప. ఇంజనీరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఫోటోలో కూడా పచ్చి నేల తొక్కనివ్వవా? మావాళ్ళయితే సాయంత్రానికే దానిమీదికి బీరువాలు ఎక్కించేస్తున్నారు. సోమవారం వచ్చి కొలతలు తీసుకో" అన్నాడు.

ఇప్పుడు నిలబడే పని చేయిస్తున్నాను. మేనకోడలు మాత్రం పెద్ద ఫైలుకు తాళం వేసి, పేజీలవరకే నా చేతికిచ్చింది. ఎందుకో వివరంగా చెప్పింది కూడా.

తలూపాను.